ముందు ఎర్రర్ లాగ్ చూపించండి

సంపాదకుల వారికి నమస్కారం.

మా వైపు చిన్న చిన్న సంఘాలు, కాలేజీలు, లారీ ఆఫీసులు ఇరవై ఏళ్ల కిందట పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయించుకున్న వెబ్ స్క్రిప్టులు, అంటే చిన్న ప్రోగ్రాములు, కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి. అవి ఒక్కోసారి ఉన్నట్టుండి ఆగిపోతాయి. ఎందుకు ఆగిపోయాయో సర్వర్ (సైటును నడిపే కంప్యూటరు) ఎప్పటికప్పుడు ఒక ఫైలులో రాసిపెడుతుంది. దాన్నే ఎర్రర్ లాగ్ అంటారు. డబ్బు కట్టి సైట్ పెట్టుకున్నవాళ్లకు ఆ లాగ్ చూపించడానికి హోస్టింగ్ వాళ్లు (సైటును తమ సర్వర్‌లో ఉంచేవాళ్లు) ఎందుకు వెనకాడుతున్నారు? దాన్ని చదవడం మన కాలేజీల్లో ఎందుకు నేర్పరు? ఈ రెండూ అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. నాది కందుకూరు. ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను.

ఉలవపాడు వైపు మా మేనమామకు రొయ్యల గుంటలున్నాయి. అక్కడి రైతులు కొందరు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు, దానికి చిన్న వెబ్ పేజీ ఉంది. ముప్పై కౌంట్ ఎంత, నలభై కౌంట్ ఎంత, వంద కౌంట్ ఎంత అని రోజూ పొద్దున్నే అందులో ధరలు పెడతారు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్. కౌంట్ తగ్గే కొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. టైగర్ రొయ్య సాగు చేసే రోజుల్లో రాయించిన స్క్రిప్టు అది. తర్వాత అందరూ వనామి అనే ఇంకో రకం రొయ్యకు మారారు. స్క్రిప్టును మార్చాల్సిన అవసరం రాలేదు. పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) పెట్టుకున్న రైతు ముందు ఫోన్లో ఆ పేజీ చూసుకుంటాడు, ఆ తర్వాతే ఏజెంటుతో బేరానికి కూర్చుంటాడు. పేజీ లేకపోతే ఏజెంటు చెప్పిందే ధర. అందుకే ఆ పేజీ తెరుచుకోకపోవడం మాకు చిన్న విషయం కాదు.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు కందుకూరు, ఉలవపాడు, గుడ్లూరు మండలాలను ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలిపారు. పేజీ పైభాగంలో సంఘం చిరునామాలో ‘ప్రకాశం జిల్లా’ అని ఉండేది. సంఘం గుమాస్తా ఆ స్క్రిప్టు ఫైలును ఎఫ్‌టీపీ (సర్వర్‌కూ మన కంప్యూటరుకూ మధ్య ఫైళ్లు పంపే పద్ధతి) ద్వారా ఆఫీసు కంప్యూటరులోకి దించుకుని, నోట్‌ప్యాడ్‌లో తెరిచి జిల్లా పేరు మార్చాడు. సేవ్ చేసి, హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్లోని ఫైల్ మేనేజరు నుంచి మళ్లీ సర్వర్‌కు ఎక్కించాడు. మార్చింది జిల్లా పేరు ఒక్కటే. పేజీ మొత్తం పోయింది. తెల్ల తెర మీద ‘ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్’ అని వస్తోంది, కోడు 500.

“పాపా, మన సైటు తెరుచుకోవట్లేదే. పట్టుబడికి మనుషుల్ని కూడా మాట్లాడుకున్నా. ఏందో చూడమ్మా” అని మామయ్య ఫోన్ చేశాడు. ఆయన గొంతులో టెన్షన్ నాకు తెలుస్తూనే ఉంది. హోస్టింగ్ వాళ్లకు ఫోన్ చేస్తే వాళ్ల జవాబు ఒకటే: “పెర్ల్ పాతబడిపోయిందండీ, ఇప్పుడెవరూ వాడరు, సైటంతా కొత్తగా రాయించుకోండి.” దానికి ఎంతవుతుందో కూడా చెప్పారు. సంఘం ఏడాది చందాలన్నీ కలిపినా అంత ఉండదు. ఎర్రర్ లాగ్ ఒక్కసారి చూపించమంటే, అది అడ్మిన్‌కు తప్ప ఇంకెవరికీ కనిపించదన్నారు.

ఈ జవాబు నాకు చాలా బాధ కలిగించింది. ఎందుకంటే అపాచీ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ చూపించే ఆ 500 పేజీలోనే, చివర్లో, ఈ లోపం గురించి మరిన్ని వివరాలు సర్వర్ ఎర్రర్ లాగ్‌లో ఉండొచ్చని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఎక్కడ చూడాలో సర్వరే చెబుతోంది. అక్కడ చూడకుండానే సైట్ మార్చెయ్యమని రైతుకు సలహా ఇచ్చారు. పైగా పెర్ల్‌ను ఎవరూ వాడరన్న మాట కూడా నిజం కాదు. లారీ వాల్ 1987లో విడుదల చేసిన ఈ భాషకు ఇప్పటికీ దాదాపు ఏటా కొత్త వెర్షన్ వస్తోంది. 2024లో 5.40 వచ్చింది. డెబియన్, ఉబుంటు అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లను సర్వర్‌లో ఇన్‌స్టాల్ చేస్తే పెర్ల్ వాటితో పాటే వచ్చేస్తుంది, ఎందుకంటే ఆ సిస్టమ్‌లోని పనిముట్లే కొన్ని దాని మీద నడుస్తాయి. కొత్త సైటును వేరే భాషలో రాయించుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. నిన్నటిదాకా సరిగ్గా పనిచేసిన దాన్ని, ఎందుకు ఆగిందో కూడా చూడకుండా పారెయ్యమనడమే తప్పు.

సంఘం పేరుతో రాతపూర్వకంగా అడిగిన తర్వాత మా సైటుకు సంబంధించిన లాగ్ పంపారు. అందులో మాకు కావలసిన లైను మొదట్లో బ్రాకెట్లో 8 అంకె వేసి ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ అని ఉంది. దాని కిందే ‘ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ అవుట్‌పుట్ బిఫోర్ హెడర్స్’ అని ఇంకో లైను. చాలామంది ఈ రెండోది చూసి ప్రోగ్రాములో ప్రింట్ లైన్లన్నీ వెతుకుతారు. నిజానికి మొదటిదే అసలు కారణం. అసలు స్క్రిప్టు మొదలే కాలేదు, అందుకని సర్వర్‌కు హెడర్లు (పేజీకి ముందు స్క్రిప్టు పంపాల్సిన లైన్లు) అందలేదు, అంతే. పాత అపాచీ 2.2లో ఇదే సంగతిని ‘ప్రిమెచ్యూర్ ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ హెడర్స్’ అని రాసేది.

మొదలెందుకు కాలేదు? లైనక్స్ ఒక స్క్రిప్టును నడపాలంటే ఫైలు మొదటి రెండు బైట్లు (అక్షరాలకు కంప్యూటరు వాడే అంకెలు) చూస్తుంది. అవి #! అయితే, అంటే 35, 33 అయితే, ఆ పక్కన రాసిన దారి పట్టుకుని పెర్ల్‌ను పిలుస్తుంది. మా ఫైలులో ఆ రెండింటికీ ముందు కంటికి కనిపించని మూడు బైట్లు వచ్చి కూర్చున్నాయి: 239, 187, 191. వాటిని బామ్ అంటారు. సంఘం ఆఫీసులో ఉన్నది విండోస్ 7. అందులోని నోట్‌ప్యాడ్‌లో తెలుగు అక్షరాలు నిలవాలంటే యూటీఎఫ్-8 అనే అక్షరాల పద్ధతి ఎంచుకుని సేవ్ చేయాలి. అలా ఎంచుకుంటే ఆ నోట్‌ప్యాడ్ ఈ మూడు బైట్లను తనంతట తానే ఫైలు మొదట్లో పెడుతుంది. విండోస్ 10లో 2019 నాటి వెర్షన్ నుంచి ఈ అలవాటు మార్చారు, ఇప్పుడు అడిగితేనే పెడుతుంది. కానీ మన ఊళ్లలో ఆఫీసు కంప్యూటర్లు ఎంత పాతవో మీకు తెలియనిది కాదు. గుమాస్తా తెలుగులో జిల్లా పేరు సరిగ్గా రాయాలనే ఆ పని చేశాడు. అందులో అతన్ని అనాల్సిందేమీ లేదు.

ఆ మూడు బైట్లూ తీసేసి మళ్లీ ఎక్కించాను. తెర మీద అదే 500. బయటి నుంచి చూసేవాళ్లకు ఏమీ మారలేదు. లాగ్‌లో మాత్రం మాట మారింది. ఈసారి బ్రాకెట్లో 2, పక్కన ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’. అంటే ఫైలు లేదని. ఫైలు కళ్లెదురుగా ఉంది! ఈ లైను దగ్గరే చాలామంది దారి తప్పుతారు. ఫోల్డరు పేరు మారుస్తారు, ఫైలును అటూ ఇటూ జరుపుతారు, ఫైలు పేరు చివర్లో సీజీఐ (సర్వర్ ఇలాంటి స్క్రిప్టులను నడిపే పద్ధతి పేరు) తీసి పీఎల్ పెడతారు. లేదని సర్వర్ అంటున్నది స్క్రిప్టును కాదు, మొదటి లైనులో మనం పిలిచిన పెర్ల్‌ను.

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరో హయ్యరో నేర్చుకున్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. లైను అయిపోగానే ఎడమచేత్తో లివరు తోస్తే రెండు పనులు జరుగుతాయి: కాగితం ఒక లైను పైకి జరుగుతుంది, క్యారేజీ మొదటికి వస్తుంది. విండోస్ ఇప్పటికీ ప్రతి లైను చివరా ఆ రెండు పనులకూ రెండు గుర్తులు పెడుతుంది, 13, 10 అని. లైనక్స్‌కు 10 ఒక్కటి చాలు. గుమాస్తా ఫైలును దించుకున్నప్పుడు ఎఫ్‌టీపీ దాన్ని ఆస్కీ పద్ధతిలో, అంటే మామూలు టెక్స్టు ఫైలుగా, తెచ్చి విండోస్‌కు తగ్గట్టు 13లు చేర్చింది. ఎక్కించేటప్పుడు ఫైల్ మేనేజరు ఉన్నది ఉన్నట్టుగా పంపింది. ఎఫ్‌టీపీతోనే అదే ఆస్కీ పద్ధతిలో ఎక్కించి ఉంటే ఆ 13లు దారిలోనే పోయేవి. అలా ఎక్కించకపోవడంతో మొదటి లైనులో పెర్ల్ పేరు చివర కనిపించని గుర్తు ఒకటి అంటుకుంది. ఆ గుర్తుతో కలిపి పెర్ల్ కోసం వెతికితే, ఆ పేరు గల ప్రోగ్రాం సర్వర్‌లో ఎక్కడుంటుంది? డాస్2యూనిక్స్ అనే చిన్న పనిముట్టు ఈ 13లనూ, ముందు చెప్పిన బామ్‌నూ ఒకే దెబ్బకు తీసేస్తుంది. అది నడిపాక పేజీ తెరుచుకుంది. ధరలు పెట్టారు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఈ గొడవంతా జరుగుతున్నప్పుడు స్క్రిప్టును పెర్ల్ చేత తనిఖీ చేయిస్తే ‘సింటాక్స్ ఓకే’ అనే చెప్పింది. నిజమే, ప్రోగ్రాములో ఒక్క అక్షరం తప్పు లేదు. పెర్ల్ ఆ బామ్‌నూ, ఆ 13లనూ సర్దుకుని చదువుకుంటుంది. చదువుకోలేనిది పెర్ల్‌ను పిలవాల్సిన లైనక్స్. ప్రోగ్రాము ఒక్కటే చూస్తూ కూర్చున్నవాళ్లకు ఇది జన్మలో దొరకదు.

బ్రాకెట్లో వచ్చే ఆ అంకెలు అపాచీవి కావు, లైనక్స్‌వి. అందుకే ఏ సర్వర్‌లో చూసినా అవే ఉంటాయి. మూడోది 13, ‘పర్మిషన్ డినైడ్’ (లైను చివరి 13తో దీనికి సంబంధం లేదు). కొత్తగా ఎక్కించిన ఫైలుకు నడిచే అనుమతి లేకపోతే ఇది వస్తుంది. స్క్రిప్టుకు 755 (రాయడం యజమానికే, నడపడం అందరికీ అనే అనుమతి) పెడితే సరిపోతుంది. కంగారులో 777 పెట్టేస్తుంటారు, అన్ని తలుపులూ తీసేస్తే ఎలాగోలా నడుస్తుందని. చాలా షేర్డ్ హోస్టింగుల్లో సూఎగ్జెక్ అనే కాపలా ఉంటుంది. ఎవరైనా రాయగలిగే ఫైలును అది నడపనే నడపదు. కాబట్టి 777 పెట్టడం వల్లే మళ్లీ 500 వస్తుంది, మనిషి ఇంకా కంగారు పడతాడు. ఈ కాపలా తన మాటను కొన్నిచోట్ల వేరే లాగ్‌లో రాస్తుంది, దాన్ని కూడా అడిగి తీసుకోవాలి.

కావలిలో ఒక కాలేజీలో నా స్నేహితురాలు పనిచేస్తుంది. అక్కడ హాస్టల్ గదుల పేజీ ఆగిపోయింది. ఈసారి ఎవరూ ఏ ఫైలునూ ముట్టుకోలేదు. వైరస్ అన్నారు, ఎవరో హ్యాక్ చేశారన్నారు, ఒక కుర్రాడిని అనుమానించారు కూడా. లాగ్‌లో సీజీఐ డాట్ పీఎం అనే మాడ్యూల్ (స్క్రిప్టు వాడుకునే విడి పెర్ల్ ఫైలు) కనబడటం లేదని ఒక్క లైను ఉంది. జరిగింది ఏమిటంటే హోస్టింగ్ వాళ్లు సైటును కొత్త సర్వర్‌కు మార్చారు. ఈ మాడ్యూల్ ఒకప్పుడు పెర్ల్‌తో పాటే వచ్చేది. 2015లో వచ్చిన 5.22 నుంచి దాన్ని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. అది పెట్టాక ఇంకో లైను వచ్చింది, ఈసారి కాలేజీ వాళ్లు రాసుకున్న సొంత మాడ్యూల్ కనబడటం లేదని. అది స్క్రిప్టు పక్కనే అదే ఫోల్డరులో ఉంది. 2017 నాటి 5.26 నుంచి పెర్ల్ స్క్రిప్టు నడుస్తున్న ఫోల్డరులో తనంతట తాను వెతకడం మానేసింది. భద్రత కోసం తీసుకున్న నిర్ణయం అది, మంచిదే. స్క్రిప్టులో ఆ ఫోల్డరు దారి ఒక లైనులో చెబితే పని అయిపోయింది. ఆ కుర్రాడికి ఎవరైనా క్షమాపణ చెప్పారో లేదో నాకు తెలియదు. చెప్పాలి.

ఇప్పుడు నా మొదటి విన్నపం, హోస్టింగ్ వ్యాపారం చేసేవాళ్లకు. లాగ్‌లో వేరేవాళ్ల సైట్ల వివరాలు కూడా ఉంటాయి కాబట్టి ఇవ్వలేమని కొందరంటారు. అపాచీలో ఒక్కో సైటుకు ఒక్కో ఎర్రర్ లాగ్ పెట్టుకునే వీలు ఎప్పటి నుంచో ఉంది, సైటు సెట్టింగుల్లో ఒక్క లైను రాస్తే చాలు. సీపానెల్ అనే కంట్రోల్ ప్యానెల్ వాడేవాళ్లకైతే ఎర్రర్స్ అని ఒక బటనే ఉంది, దాన్ని మూసిపెట్టకుండా ఉంటే అదే పదివేలు. సొంతంగా సర్వర్ పెట్టుకున్నవాళ్లు ఉబుంటులో అయితే అపాచీ2 అనే ఫోల్డరులో, రెడ్‌హ్యాట్ తరహా వాటిలో అయితే హెచ్‌టీటీపీడీ అనే ఫోల్డరులో లాగ్ చూడొచ్చు. రెండూ వార్, దాని లోపల లాగ్ అనే చోటే ఉంటాయి.

లాగ్ ఇవ్వకుండా, దానికి బదులు స్క్రిప్టులో ‘ఫేటల్స్ టు బ్రౌజర్’ అనే పెర్ల్ సదుపాయం పెట్టుకోండి, తప్పు తెర మీదే కనిపిస్తుంది అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. పరీక్షించుకునేటప్పుడు అది మంచి సాయమే. కానీ మా సంఘం విషయంలోలా స్క్రిప్టు మొదలే కాకపోతే అది ఏమీ చెప్పలేదు. పని అయ్యాక తీసెయ్యకపోతే సర్వర్‌లోని ఫోల్డర్ల దారులు ఊరందరికీ కనిపిస్తాయి. అంతకంటే ప్రమాదం ఇంకోటి ఉంది. 500 రాకుండా స్క్రిప్టులోని రాతంతా మామూలు అక్షరాల్లా తెర మీదికి వచ్చేస్తే, ఆ ఫోల్డరులో సీజీఐ నడపాలని సర్వర్‌కు చెప్పలేదని అర్థం. అందులో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంటే అప్పటికే లోకమంతా చూసినట్టు లెక్క. అలాంటప్పుడు ముందు పాస్‌వర్డ్ మార్చాలి, స్క్రిప్టు సంగతి ఆ తర్వాత.

రెండో విన్నపం మా కాలేజీల వాళ్లకు, అంటే మాకు మేము చెప్పుకోవాల్సింది. మా పిల్లలు ప్రోగ్రాములు బాగానే రాస్తారు. తమ కంప్యూటరులో నడిచింది సర్వర్‌లో ఆగిపోతే మాత్రం చేతులెత్తేస్తారు. అక్కడ దాన్ని నడిపేది చాలాచోట్ల తాము కాదని, సర్వర్‌లోని వేరే యూజరని, అతనికి మన ఫోల్డర్లు, మన సెట్టింగులు ఉండవని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ధరలు రాసే ఫైలు మీద ఆ యూజరుకు అనుమతి లేకపోతే పేజీ తెరుచుకుంటుంది, ధరలు మాత్రం సేవ్ కావు. ఇలాంటివి సిలబస్‌లో రావు.

నేను మా ల్యాబ్‌లో పాత కంప్యూటరు ఒకదానిలో అపాచీ పెట్టి, ఒకే స్క్రిప్టును రకరకాలుగా పాడుచేసి పిల్లలకు ఇస్తున్నాను. ఒకదానికి బామ్ పెడతాను, ఒకదానికి 13లు, ఒకదానికి అనుమతి తీసేస్తాను, ఒకదానిలో కంటెంట్ టైప్ లైను తర్వాత ఉండాల్సిన ఖాళీ లైను తీసేస్తాను. షరతు ఒకటే, లాగ్ చదివి కారణం కాగితం మీద రాసేదాకా ప్రోగ్రామును ముట్టుకోకూడదు. లింగసముద్రం నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఓడీ అనే కమాండుతో మొదటి లైనులోని బైట్లన్నీ విడివిడిగా బయటికి తీసి, “మేడమ్, పెర్ల్ పక్కన ఏదో ఉంది చూడండి” అని చూపించింది. నాకు చెప్పలేనంత ఆనందమేసింది. ఈ పనికి కొత్త పరికరాలు అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. ఒంగోలు, నెల్లూరు కాలేజీల్లో ల్యాబ్ చూసుకునే నాలాంటివాళ్లు ఎవరైనా చేయొచ్చు.

మీ పత్రికలో విద్యార్థుల కోసం వచ్చే పేజీలో ఎప్పుడైనా ఎర్రర్ లాగ్ చదవడం మీద అరకాలమ్ ఇవ్వగలిగితే మా వైపు చాలామందికి ఉపయోగపడుతుంది. సైట్ ఆగిపోయి ఎవరినైనా సాయం అడగబోయే పాఠకులు ‘పనిచేయడం లేదు’ అని మాత్రమే రాయకండి. ఆగిపోయిన సమయం, స్క్రిప్టు ఫైలు పేరు, ఆ సమయానికి లాగ్‌లో ఉన్న లైన్లు ఉన్నవి ఉన్నట్టు, అంతకుముందు ఎవరు ఏం మార్చారో ఆ వివరం పంపండి. పాస్‌వర్డులు ఉంటే చెరిపేసి పంపండి.

ఇట్లు,
ఒక ల్యాబ్ ఉద్యోగిని,
కందుకూరు
(పేరు ప్రచురించవద్దని మనవి)